చూడవచ్చినవాడు

చూడడంలో తప్పేముంది? ఒకరి వాకిట్లో ముగ్గు చూసి, బాగుందనుకుంటూ వెళ్ళిపోతే ఆ ఇంటివాళ్ళకు పోయేదేమీ లేదు. అదే ముగ్గు చూడడానికి రోజుకు పదివేలమంది వచ్చారనుకోండి. ముగ్గు చెరిగిపోదు, వేసే మనిషి మారిపోతుంది. రేపటి ముగ్గు తన వాకిలి కోసం వేస్తోందో, వచ్చే జనం కోసం వేస్తోందో ఆమెకే తెలియకుండా పోతుంది. ఈ సందేహం నన్ను 2023 ఏప్రిల్‌లో గ్రీసు దేశపు సాంతోరిని ద్వీపంలో పట్టుకుంది. ఇంకా వదల్లేదు.

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి తీసుకువెళ్ళింది. ద్వీపం ఉత్తరపు కొసన, కొండ అంచు మీద ఒక ఊరు. రోమన్ అక్షరాల్లో చూసి మనం ‘ఓయా’ అని చదువుతాం. అక్కడివాళ్ళు ‘ఈయా’ అంటారు. సుమారు 3600 ఏళ్ళ కిందట అగ్నిపర్వతం బద్దలై, నడిభాగం కూలి, సముద్రం లోపలికి వచ్చింది. మిగిలిన అంచు నెలవంకలా నిలబడింది. దానికి అతుక్కుని తెల్లటి ఇళ్ళు, నీలి గుమ్మటాల చర్చీలు. కాలెండర్ల మీద మీరూ చూసే ఉంటారు.

బొమ్మలో కనిపించనిది ఒకటుంది. ఆ ఇళ్ళు కట్టినవి కావు, తవ్వినవి. ద్వీపంలో కలప లేదు, నీటికి కరువు. ఉన్నదల్లా అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన మెత్తని రాయి. ఓడల్లో కూలికి పోయే కళాసులు కొండ చరియలోకి గుహలు తొలుచుకుని కాపురాలు పెట్టారు. ముందు ఒక తలుపు, రెండు చిన్న కిటికీలు, వెనక పొడుగాటి చీకటి గది. ఒకరి ఇంటి కప్పే పై ఇంటివాళ్ళకు వాకిలి. వాన చుక్క వృథా కాకుండా తొట్టెల్లోకి పట్టుకునేవారు. కప్తాన్లు మాత్రం పైన, గట్టు మీద, మేడలు కట్టుకున్నారు. ఇప్పుడు మనం నోరు తెరుచుకుని చూసే అందంలో ఎక్కువ భాగం, మేడ కట్టుకునే స్తోమత లేనివాళ్ళు చేసింది. (ఆ బూడిద మట్టి సూయజ్ కాలువ పనులకు ఓడల్లో వెళ్ళింది. తవ్వకాల్లో పాతకాలపు గోడలు బయటపడి పండితులు అటు చూశారు. మన దేశానికి దారి దగ్గర చేసిన కాలువలో ఈ ద్వీపపు మట్టి ఉందని తెలిసి నాకు సంతోషం కలిగింది, ఎందుకో చెప్పలేను.)

ఆవిరి ఓడలు వచ్చాక తెరచాప ఓడల ఊరు చితికింది. 1956 జులై 9న వచ్చిన భూకంపంలో ద్వీపం మీద యాభైమందికి పైగా చనిపోయారు. ఈయా సగం కూలింది. చాలామంది ఏథెన్సుకో, పిరేయస్ రేవుకో వలసపోయారు. గుహలు బోసిపోయాయి. 1970లలో గ్రీసు ప్రభుత్వ పర్యాటక సంస్థ పాత ఇళ్ళను బాగుచేసి యాత్రికులకు బసగా ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడినుంచి కథ మీకు తెలిసిందే. ఒకనాడు కళాసు పిల్లలతో ముడుచుకుని పడుకున్న గుహలో ఇవాళ ఒక్క రాత్రికి అద్దె, రిటైరైన బడి పంతులు నెల పింఛనుతో తీరేది కాదు. మేము దూరంగా మరో పల్లెలో దిగి బస్సులో వచ్చాం.

వాళ్ళ ఈస్టరు ముందు వారం అది. సంక్రాంతికి మనం ఇళ్ళకు వెల్ల వేసుకున్నట్టు వాళ్ళూ సున్నం వేసుకుంటున్నారు. ఒక సందులో నల్లబట్టల ముసలావిడ బకెట్టు, కుంచె పట్టుకుని తన గడప ముందు మెట్ల అంచులకు సున్నం పూస్తోంది. ఒక జంట వచ్చి ఆ నీలి తలుపుకు ఆనుకుని ఫోటోలు మొదలుపెట్టారు. ఇలా తిరుగు, అలా నవ్వు, టోపీ తీయి. ఆవిడ ఒక పక్కకు జరిగి నిలబడింది. కోపం లేదు, నవ్వూ లేదు. కుంచె నుంచి సున్నం చుక్కలు చుక్కలుగా రాతి మీద పడుతోంది. వాళ్ళు వెళ్ళేసరికి మరొక జంట. తన గుమ్మంలోకి పోవడానికి తానే వంతు కాచుకుంది. పక్క ఇంటి కప్పు మీద ‘ఇది మా ఇల్లు, ఎక్కకండి’ అన్న అర్థం వచ్చే బోర్డు ఉంది.

ఆ సాయంకాలం పాత కోట శిథిలాల మీద వందలాదిగా జనం చేరి, సూర్యుడు సముద్రంలో మునగగానే చప్పట్లు కొట్టారు. సూర్యుడు ఏం చేశాడని?

గ్రీకు భాషలో ‘క్సేనోస్’ అనే మాట ఉంది. పరాయివాడన్నా అదే, అతిథి అన్నా అదే. మనం అతిథిని దేవుడన్నాం, వాళ్ళు పరాయివాడి పక్షాన జ్యూస్ దేవుణ్ణే నిలబెట్టారు. రెండు చోట్లా ఒక షరతు మాటల్లో చెప్పకుండానే ఉంది: అతిథి గుమ్మం బయట ఆగాలి, ఇంటివాళ్ళు లోపలికి రమ్మనాలి. రమ్మనడానికి విలువ రావడానికి కారణం, వద్దనే వీలు కూడా ఉండడమే. వద్దనే శక్తి పోయిన ఊరికి అతిథులుండరు, జనం ఉంటారు. అక్కడ నాకు నచ్చనిది రద్దీ కాదు. మన తిరునాళ్ళలో ఇంతకంటె రద్దీ. అయితే తిరునాళ్ళలో ఊరివాళ్ళూ మనతో తోసుకుంటారు, తింటారు, మొక్కుతారు. ఈయాలో ఊరు అంటే చూడబడేది మాత్రమే.

2021 జనాభా లెక్కల్లో ద్వీపంలో సుమారు 15,500 మంది. 2023లో వచ్చినవాళ్ళు 34 లక్షలని వార్తలు. 2024 జులైలో, ఓడలు ఎక్కువగా వచ్చే ఒక రోజున, స్థానికులు వీలైనంత వరకు బయట తిరగవద్దని ఊరి పాలకులే ప్రకటన పెట్టి, జనం మండిపడ్డాక తీసేశారు. 2025 నుంచి విహార నౌకల ప్రయాణికులు రోజుకు 8,000 మించకూడదని కట్టడి చేశారు. అంతకు చాలా ముందే, 2018లో, గాడిదకు వంద కిలోలు లేదా దాని బరువులో ఐదోవంతు మించి ఎత్తకూడదని గ్రీసు ప్రభుత్వం నియమం పెట్టింది. మంచి నియమమే. ఊరి వంతు రావడానికి ఏడేళ్ళు పట్టింది.

అయితే వెళ్ళకూడదా? అలా అనేవాళ్ళున్నారు. ఇల్లు కదలకుండా పుణ్యం కట్టుకోవడం సులువు. ఆ ముసలావిడ కొడుకు బహుశా ఏ ఫలహారశాలలోనో పనిచేస్తుంటాడు; మనవడి చదువు డబ్బు ఆ ఫోటోల జంటల జేబుల్లోంచే రావచ్చు. భూకంపం తర్వాత ఊరు పాడుబడిపోకుండా నిలబెట్టింది మనలాంటి చూడవచ్చినవాళ్ళే. ‘రండి’ అన్నదీ, ‘ఎక్కకండి’ అని బోర్డు పెట్టిందీ ఒకే ఊరు. రెండూ నిజమే. డబ్బిచ్చాం కాబట్టి చెల్లు అంటే నేనొప్పుకోను. డబ్బు గదికి అద్దె. ఆవిడ తన గడప ముందు నిలబడిన ఆ పది నిమిషాలను ఎవరూ కొనలేదు.

హోసూరువాణ్ణి గనుక నాకు ఇంకోటి తట్టింది. మా తాతలు ఎక్కడికీ పోలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, గీతకు ఇటు మేము మిగిలాం. ఇల్లు కదలకుండానే సొంత ఊళ్ళో కొద్దిమందిగా మారడమంటే ఏమిటో మాకు తెలుసు. ఈయావాళ్ళకూ అదే జరిగింది. తేడా ఏమిటంటే మన పక్కన ఉన్నవాళ్ళు మనతోనే కాపురముంటారు, పెళ్ళికీ చావుకూ వస్తారు, వాళ్ళ మాట మనకూ మన మాట వాళ్ళకూ వస్తుంది. ఈయాలో ఎక్కువమంది సాయంత్రానికి ఓడెక్కి వెళ్ళిపోతారు. పోట్లాడడానికి కూడా మనిషి దొరకడు.

2025 జనవరి చివర సాంతోరిని చుట్టూ సముద్రం అడుగున భూమి కంపించడం మొదలై, వారాల తరబడి వేల సార్లు కదిలింది. ఫిబ్రవరిలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. పదకొండు వేలమందికి పైగా ఓడల్లో, విమానాల్లో ద్వీపం విడిచి వెళ్ళారు. ఖాళీ సందుల ఫోటోలు పత్రికల్లో వచ్చాయి. ఎంత అందంగా ఉందో, మనుషుల్లేకుండా, అన్నారు మా ఇంటికి వచ్చిన ఒకాయన. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆయన మంచివాడే. మనం కోరుకున్నది చివరికి అదేనేమో: ఊరు ఉండాలి, ఊరివాళ్ళు ఫోటోలో పడకూడదు.

మనుషుల్లేని ఊరు ఆ ద్వీపంలోనే ఇంకొకటుంది. దక్షిణపు కొసన అక్రోతిరి. 1967లో స్పిరిదోన్ మరినాతోస్ తవ్వడం మొదలుపెట్టగా బయటపడిన, ఆ పాత విస్ఫోటంలో బూడిద కింద మునిగిన పట్నం. రెండంతస్తుల ఇళ్ళు, సందులు, వరసగా పేర్చిన పెద్ద జాడీలు. మనుషుల ఎముకలు మాత్రం దొరకలేదు. ముందే హెచ్చరిక అంది వెళ్ళిపోయారంటారు. టిక్కెట్టు కొనుక్కుని, రేకుల కప్పు కింద, గంటన్నరసేపు ప్రతి గడపా వంగి వంగి చూశాను. మా అమ్మాయి ఇక చాలు పద నాన్నా అనేదాకా చూశాను. అక్కడ నా చూపుకు ఎక్కడా అడ్డు తగల్లేదు. ముందురోజు ఈయాలో ఆ సందు దాటేటప్పుడు తల దించుకుని నడిచినవాణ్ణి నేనేనా అనిపించింది.