పిల్లల బలమునకు తగిన భారము

ధ్యాన భాగము: ఆదికాండము 33:12–14

చమఖండి నుండి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గత సంవత్సరము టెక్సాసులోని మా కుమారుని ఇంట కొన్ని నెలలు గడిపితిమి. మా మనుమనికి పన్నెండేండ్లు. ఆ రాష్ట్రములో జింకల వేటకు ప్రభుత్వము కాలము నియమించి అనుమతి చీటి ఇచ్చును. పిల్లలకు ప్రత్యేకముగా కొన్ని దినములు కేటాయించును. మన దేశములోనైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. మన గంజాం జిల్లాలోనే భేట్నయి, బలిపదర్ ప్రాంతపు గ్రామస్థులు, పొలములలో మేయు కృష్ణజింకలను కూడ కొట్టక కాపాడుచున్నారు. కాబట్టి వేటను మెచ్చుకొనుటకు ఇది వ్రాయుట లేదు. అక్కడ నేర్చుకొన్న ఒక పాఠము చెప్పుటకే వ్రాయుచున్నాము.

మా కుమారుడు తన రైఫిలుతో పిల్లవానికి గురి నేర్పబోయెను. గుండు ఎంత బలముగా ముందుకు పోవునో, తుపాకి అంత బలముగా వెనుకకు తన్నును. రెండు దెబ్బలకే పిల్లవాని భుజము కందిపోయెను. మూడవ సారి మీట నొక్కకముందే కన్నులు మూసికొనెను. గురి కాగితమునకు ఒక్క గుండైనను తగలలేదు. తండ్రి, “మగపిల్లవాడివి, భయమేమిరా?” అని గద్దించెను.

అక్కడి సంఘములోని ఒక పెద్దాయన తన తూటాలను తానే నింపుకొనువాడు. ఆయన ఇది చూచి, “పిల్లవానిని అనకుము, వానికి ఆ తూటా ఎక్కువ” అనెను. ఆ సాయంత్రము తన షెడ్డులో మాకు పని చూపెను. ఇత్తడి గొట్టమును శుభ్రపరచి, అడుగున నిప్పుటోపీ అమర్చి, మందును చిన్న త్రాసులో తూచి పోసి, పైన గుండు బిగించెను. మామూలుగా 150 గ్రెయినుల గుండు, అనగా దాదాపు పది గ్రాములది, వాడుదురట. ఆయన 125 గ్రెయినులది తీసికొని, మందు కూడ తగ్గించెను. ఇట్లు చేసినచో తన్ను సగమునకు తగ్గునని చెప్పెను.

“అయితే ఇంకను తగ్గించరాదా?” అని అడిగితిమి. ఆయన తల అడ్డముగా ఊపెను. తగ్గించుటకు పనికివచ్చు మందులు వేరు. హెచ్ 4895 అను మందునకు తయారీదారులే నియమము పెట్టిరి: గరిష్ఠ కొలతలో 60 శాతమునకు తక్కువ పోయరాదు. నిదానముగా మండు కొన్ని మందులను ఇష్టము వచ్చినట్లు తగ్గించినచో తుపాకియే పగులవచ్చును. మరీ తక్కువైనచో గుండు గొట్టములోనే చిక్కుకొనును. కొంచెము మందు గొట్టమును నింపదు గనుక, పొరపాటున రెండు మారులు పోసినను తెలియకపోవచ్చును. అందుకే ఆయన ప్రతి గొట్టములోనికి దీపము వేసి చూచెను.

మరుసటి వారము పిల్లవాడు కన్ను మూయలేదు. వేట దినమున జింక దూరమున కనబడగా తుపాకి దించివేసెనట. “నా తూటా అంత దూరానికి చాలదు తాతయ్యా. గాయపడి పారిపోయి బాధపడుతుంది” అని మాతో చెప్పెను. తన బలమెంతో వాడు ఎరిగియుండెను.

ప్రియులారా, ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. చాలా ఏండ్ల క్రిందట ఇక్కడ చమఖండిలో, తండ్రి పనికై దూరదేశము పోయిన ఒక బాలుడు మా ఆదివారపు బడికి వచ్చుచుండెను. మాట తడబడువాడు. మేము వానికి ఒక పొడవైన కీర్తనను కంఠస్థము చేయుమని ఇచ్చి, సంఘమంతటి యెదుట నిలువబెట్టితిమి. నాలుగవ వచనము దగ్గర ఆగిపోయెను. ఆరాధన ముగియువరకు నిలువబడియుండుమంటిమి. తరువాత కొన్నాళ్లు గుమ్మము వరకు వచ్చెను, పిమ్మట రానేలేదు. వానికి విశ్వాసము చాలదంటిమి. సులభమైనది మొదట, కఠినమైనది తరువాత అని ఉపాధ్యాయ శిక్షణలో నేర్చుకొన్నవారము. బడిలో పాటించి, సంఘములో మరచితిమి. తప్పు వానిది కాదు, మాది.

యాకోబు ఏశావుతో కలిసి త్వరపడి వెళ్లలేదు. లేత పిల్లలును, పాలిచ్చు మందలును తనతో ఉన్నవి గనుక, వారి నడకను బట్టియే మెల్లగా వచ్చెదనని చెప్పెను. దావీదు సౌలు కవచమును తీసివేసెను (1 సమూయేలు 17:39). కాని వట్టిచేతులతో పోలేదు. తన చేతికి అలవాటైన వడిసెలతో కొట్టెను, గురి తప్పలేదు. భారము తగ్గెను గాని పని తగ్గలేదు.

మన వలస కుటుంబముల పిల్లలు బరంపురములో ఒడియాలోను, పరదేశములో ఇంగ్లీషులోను చదువుచున్నారు. వారికి తెలుగు బైబిలులో అధ్యాయమంతయు ఇచ్చి, తడబడినప్పుడు నవ్వుచున్నాము. ఒక్క వచనము ఇయ్యుడి, అర్థము చెప్పుడి, వచ్చే వారము రెండు ఇయ్యుడి. లెక్క కొరకు బాప్తిస్మమునకు తొందరపెట్టకుడి. వారి నోటి ఒప్పుకోలు వారిదై యుండవలెను. అయితే “పిల్లలే కదా” అని ఫోను చేతికిచ్చి వెనుక కూర్చుండబెట్టుటయు తప్పే. తగ్గించుటకును ఒక హద్దున్నది. ఏ వయస్సు బిడ్డయైనను యేసు తనకెవరో తన మాటలతో చెప్పగలుగునట్లు నేర్పుట ఆ హద్దు. అంతకు దిగువకు పోకూడదు.

మన వలన బెదరి గుమ్మము దగ్గరే ఆగిపోయినవారు ఎవరైన ఉన్నయెడల, ఈ వారమే వారి ఇంటికి వెళ్లి క్షమాపణ అడుగుదము. మేమును ఆ బాలుని, ఇప్పుడు పెద్దవాడైనవానిని, వెదకుచున్నాము. మా కొరకు ప్రార్థించుడి. తన కాడి సులువైనదని చెప్పిన ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.