వీలునామా రాసే ముందు

అమ్మాయీ,

సొంత ప్రాక్టీసు పెట్టగానే వీలునామా పని వచ్చిందన్నావు. చాలా సంతోషమనిపించింది. ముసాయిదా కక్షిదారు చేతికి వెళ్లకముందే ఈ నాలుగు మాటలూ నీకు అందాలని రాస్తున్నాను.

మిగతా దావాల్లో కక్షిదారు బోనెక్కి తన మాట తానే చెప్పుకుంటాడు. వీలునామా కోర్టుకెక్కే నాటికి ఆ మనిషే ఉండడు. ఆయన మాట నిలిచే ఏర్పాటు నువ్వు ఇప్పుడే చెయ్యాలి.

పెద్దాయన్ని తరచుగా కొడుకే వెంటబెట్టుకొస్తాడు. ఆస్తుల చిట్టా చదివేదీ, ఎవరికెంతో చెప్పేదీ అతనే. అతన్ని మర్యాదగా బయట కూర్చోబెట్టి, పెద్దాయనతో విడిగా మాట్లాడు. లాభం పొందేవాడే ముందుండి రాయిస్తే అది అనుమానించదగ్గ సంగతేననీ, ఆ అనుమానం తీర్చే భారం వీలునామా తెచ్చినవాడిదేననీ 1959లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కూతురికి ఏమీ రాయనంటే ఎందుకని అడుగు. పెళ్లప్పుడే పొలం ఇచ్చానంటే, దస్తావేజు నంబరుతో సహా ఆ మాట ఎక్కించు. పొలం తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే ఆయన రాయగలిగేది తన వాటా వరకే. అందులో కూతురికీ పుట్టుకతో వచ్చిన హక్కుందని ఆయనకు నెమ్మదిగా వివరించు.

సాక్షుల విషయంలో ఏమాత్రం తొందరపడకు. వీలునామాకు స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. చేయిస్తే మంచిదే కానీ, దాంతో సాక్షుల అవసరం తీరదు. 1925 నాటి వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు ఉండాలి. ఆయన సంతకం చేస్తుండగా చూడాలి, లేదా అది తన సంతకమేనని ఆయన నోట వినాలి. తమ సంతకాలు ఆయన ఎదుటే చెయ్యాలి. రేపు పేచీ వస్తే బతికున్న సాక్షుల్లో ఒక్కరైనా కోర్టులో ఇదంతా చెప్పాలి. అందుకే రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దొరికినవాళ్లతో సరిపెట్టకు. ఆయన్ని బాగా ఎరిగినవాళ్లు, ఆయనకన్నా చిన్నవాళ్లు, ఆస్తిలో వాటా లేనివాళ్లు కావాలి. ఆరోగ్యం బాగోకపోతే, వైద్యం చేస్తున్న డాక్టరునే ఒక సాక్షిగా ఉండమని అడుగు. వీలునామా తెలుగులోనే రాసి, సంతకానికి ముందు పైకి చదివి వినిపించు.

ఇక ఇంటావిడ సంగతి. భార్యాభర్తలు కలిసి వస్తే అందరూ ఆయన్నే అడుగుతారు. నువ్వు మాత్రం "మీ పేరున ఏముందమ్మా?" అని ఆవిడనీ అడుగు. 1956 హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ఆవిడకు చదివి చెప్పు. పిల్లలు లేని వితంతువు వీలునామా రాయకుండా పోతే, సొంత జీతంతో కొన్న ఇల్లు కూడా ముందు భర్త వారసులకే వెళ్తుంది. కన్నతల్లి బతికున్నా ఆమె వంతు ఆ తర్వాతే. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి తండ్రి వారసులకు తిరిగి వెళ్తుంది కానీ, పసుపుకుంకుమ కింద దానపత్రం రాసిచ్చిన పొలానికి ఆ వెసులుబాటు లేదు. ముసలి తల్లిని పోషిస్తున్న ఉద్యోగినులు ఎందరికో ఈ సంగతి తెలియదు. అలాంటి ఆవిడ వేరే పని మీద నీ దగ్గరికొచ్చినా సరే, ఈ మాట చెప్పకుండా పంపకు. ఫీజు గురించి ఆలోచించకు తల్లీ.

నామినీ పేరు రాశాం, ఇక వీలునామా ఎందుకు, అది చాలదా అంటారు కొందరు. చాలదు. నామినీ సొమ్ము అందుకునేవాడే, ఆ హోదాతోనే హక్కుదారు కాడు. బీమా పాలసీల విషయంలో 1984లో సుప్రీంకోర్టు ఇలాగే తేల్చింది కానీ, 2015 సవరణ తర్వాత దగ్గరి కుటుంబసభ్యులు నామినీలైతే ఆ మాట అంత ఖాయంగా చెప్పలేం.

ముసాయిదా అయ్యాక నాకు పంపు. సర్వే నంబర్లు, హద్దులు పాసుపుస్తకంతో నువ్వే సరిచూడు, గుమాస్తాకు వదిలెయ్యకు. సాక్షులుగా ఎవరిని అనుకుంటున్నావో, వాళ్ల వయసెంతో, పెద్దాయనకు ఏమవుతారో కూడా రాయి. ముందు అదే చూస్తాను.