ఇల్లు చూడకముందే అడగవలసిన ప్రశ్న

కొత్త ఇంటిని ఆశీర్వదించమని పిలిస్తే ఏ గురువుకైనా సంతోషమే. కాని ఆ మధ్య ఒక దంపతులు నన్ను పిలవడానికి కాక, కన్నీళ్లతో మాట్లాడడానికి వచ్చారు. వారు ఒక ఇల్లు చూశారు. పిల్లల బడికి దగ్గర, మంచి నీళ్ల బోరు. ఇంకెవరైనా కొనేస్తారేమోనని అప్పటికప్పుడే రెండు లక్షలు బయానా ఇచ్చారు. బ్యాంకుకు వెళ్లింది ఆ తరువాతే. అనుకున్నదానికంటే ఆరు లక్షలు తక్కువ వస్తుందని అక్కడ తేలింది. బయానా పోతుందన్న భయంతో ఆ ఆరు లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు వడ్డీయే 18 వేలు!

"దేవుని మీద భారం వేసి దిగాం ఫాదర్ గారూ, తప్పా?" అని ఆ తల్లి అడిగారు.

దేవుని మీద భారం వేయడం తప్పు కాదమ్మా. లెక్క చూసే భారం కూడా ఆయన మీదనే వేయడం తప్పు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కించుకోడా అని లూకా సువిశేషం 14వ అధ్యాయంలో ప్రభువే అడిగారు గదా!

వివేకానికి మూడు పనులున్నాయని పునీత తోమాసు అక్వినాసు బోధించారు: విచారించడం, నిర్ణయించడం, ఆచరణకు పూనుకోవడం. మనం మూడవ మెట్టు ముందు ఎక్కి, మొదటి మెట్టు కోసం వెనక్కి వెతుక్కుంటాం. ఇల్లు నచ్చిన తరువాత మనసు న్యాయమూర్తిగా ఉండదు, ప్లీడరుగా మారుతుంది. అందుకే ఇల్లు చూడకముందే, ఎంత అప్పు వస్తుందో బ్యాంకులో అడిగి తెలుసుకోవాలి. జీతం కాగితాలు, పాత వాయిదాలు, సిబిల్ స్కోరు చూసి వారు ముందస్తు మంజూరు పత్రం ఇస్తారు. అయితే అదే ఆఖరి మాట కాదు. ఎంచుకున్న ఇంటి దస్తావేజులు, ఇ.సి., విలువ పరిశీలించాకే డబ్బు చేతికొస్తుంది.

ఇక్కడ మరొక చిక్కు ఉంది. బ్యాంకు చెప్పేది ఎంత ఇవ్వగలదో మాత్రమే, మనం ఎంత తీసుకోవాలో కాదు. 40 లక్షల ఇంటికి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 80 శాతం, అంటే 32 లక్షల వరకు అప్పు ఇవ్వవచ్చు. మిగతా 8 లక్షలు, రిజిస్ట్రేషను ఖర్చులు మనవే. వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు అనుకుంటే నెలకు సుమారు 27,800 రూపాయల వాయిదా. మొత్తం కట్టేది 66 లక్షలు దాటుతుంది! ముసలి తల్లి మందులు, ఆడపిల్ల చదువు, కష్టంలో ఉన్న తమ్ముడికి చేసే సాయం బ్యాంకు లెక్కలో కనబడవు. వాటిని లెక్కలో చేర్చవలసింది మనమే.

కనుక బ్యాంకుకు వెళ్లేముందు ఒక సాయంత్రం, కుటుంబ ప్రార్థన అయ్యాక, భార్యాభర్తలు కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చోండి. ఒకరికొకరు చెప్పుకోని చిట్టీ బాకీ, తాకట్టులో ఉన్న గాజులు, అన్నీ రాయండి. ఆ నిజం చెప్పుకోవడం కష్టమే. అయినా ఇంటికి మొదటి పునాది రాయి అదే. ఆ కాగితం మీద తేలిన అంకె బ్యాంకు చెప్పిన అంకె కంటే చిన్నదైతే, చిన్నదాన్నే నమ్మండి. రెండు గదుల ఇంట్లో నిశ్చింతగా నిద్రపోయే కుటుంబం, మూడు గదుల ఇంట్లో ఒకటో తేదీకి భయపడే కుటుంబం కంటే ధన్యమైనది.