బడి గుమ్మముకడ నిలిచిన బిడ్డ



గడచిన వారము ప్రార్థన ముగిసిన పిమ్మట, క్రొత్తగా ఉపాధ్యాయినీపదమునఁ జేరిన యొక యువతి నాకడకు వచ్చి, "అయ్యా, పాఠ్యపుస్తకమును నిర్ణయించువారు వేఱు, పరీక్షలు పెట్టువారు వేఱు, తనిఖీ చేయువారు వేఱు. ఇఁక నావంటి యొక్కతె బడిలో మార్పఁగలిగిన దేమున్నది?" అని యడిగినది. నేనప్పుడు రెండు మంచిమాటలు చెప్పి పంపితిని. కాని యా ప్రశ్న నన్ను విడువలేదు. దానికి నా జీవితములోనే యొక యుత్తరము కలదు. అది నాకు గౌరవము తెచ్చునది కాదు.

న్యాయవాదవృత్తిలోఁ బ్రవేశింపక పూర్వము నేనొక గ్రామపాఠశాలలో ఏఁడాదికాలము ఉపాధ్యాయుఁడనై యుంటిని. నా తరగతిలో నొక బాలుఁడు ప్రతిదినము ఆలస్యముగా వచ్చెడివాఁడు. వానిని గుమ్మముకడ నిలువఁబెట్టెడివాఁడను. రెండు మూఁడు మారులు బెత్తముతోఁ గొట్టితిని కూడ. నా కోపమునకు క్రమశిక్షణ మని పేరు పెట్టుకొంటిని. కొన్నాళ్లకు వాఁడు రాక మానెను. హాజరుపట్టీలో వాని పేరునకెదురుగా వరుసగా గైరుహాజరు వ్రాసి, కడకుఁ బేరే కొట్టివేసితిని.

పదునాఱు సంవత్సరముల తరువాత నొక భూవివాదములో సాక్షిగా వచ్చిన మనుష్యుఁడు వాఙ్మూలము క్రింద వ్రేలిముద్ర వేసి, నావంకఁ జూచి, "బాగున్నారా, మేష్టారూ" అని పలుకరించెను. వాఁడే. తల్లి వేకువనే కూలికిఁ బోఁగాఁ బసిచెల్లెలిని ఎవరికైన నప్పగించి బడికి రావలసివచ్చెడి దని ఆ దినమున వాని నోటనే వింటిని. వాని చూపులో ద్వేషము లేదు. ఉన్నయెడల నాకంత బాధ కలుగకపోయెడిది.

నేను చట్టములను నమ్ముకొని బ్రదుకువాఁడను. వానిని తేలికగాఁ జూడను. అస్పృశ్యతను రద్దుచేసినది మన రాజ్యాంగములోని 17వ అధికరణము. బిడ్డలకు శారీరకదండనమును, మానసికవేధను నిషేధించినది 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టములోని 17వ సెక్షను. 2001లో సుప్రీంకోర్టు ప్రాథమికపాఠశాలలలో మధ్యాహ్నమున వండిన యన్నము పెట్టవలెనని యాజ్ఞాపించినది. ఇవి యన్నియు మేలు చేసినవి. అయినను ఆ యన్నపుఁ బంక్తిలో నెవరి ప్రక్క నెవరు కూర్చుండిరో న్యాయమూర్తి వచ్చి చూడఁజాలఁడు. గది యూడ్చుటకుఁ బ్రతిదినము ఏ పిల్లలను బిలుచుచున్నారో, ప్రశ్న వేయునపుడు ఉపాధ్యాయుని చూపు ఏ బల్లదాఁకఁ బోయి యాగిపోవుచున్నదో ఏ తనిఖీ తెలుపును? మానవులకందఱకు నొక్కఁడే తండ్రి యని యీ మందిరములోఁ బలుకుచున్నాము. ఆయన బిడ్డలలో నొకనిని వెలుపల నిలిపి, మనము లోపల నీతిపాఠము చెప్పుట యేమి యారాధన?

ధవళేశ్వరములో 1874లో బాలికాపాఠశాల పెట్టిన వీరేశలింగము పంతులుగారును బడిపంతులే. ఆ కథ మీకందఱకుఁ దెలియును. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుఁడుగాఁ జేరిన గిడుగు వేంకటరామమూర్తిగారి మాట చెప్పెదను. ఆ ప్రాంతపుఁ గొండలలో సవరలు నివసించుచుండిరి. వారి బిడ్డలకుఁ జదువు చెప్పుమని ఆయన కెవ్వరు నాజ్ఞాపింపలేదు. తెలుఁగు వచ్చిన సవర నొకని నింట నుంచుకొని ఆయన యా భాష నేర్చెను. అందుఁ బుస్తకములు వ్రాసెను. సొంత ధనముతో బడులు పెట్టి జీతములిచ్చెను. 1931లో ఆయన సవరభాషావ్యాకరణము ఆంగ్లమున వెలువడునాఁటికి వయస్సు డెబ్బదికిఁ జేరువ యయ్యెను. నేనిప్పుడు పలుకుచున్న యీ గ్రాంథికభాషను బడులనుండి తొలఁగింపఁ బోరాడినవారు కూడ నాయనయే. అలవాటు విడువలేని నన్ను ఆయన క్షమించుఁగాక! సవరబిడ్డ విషయములోను, తెలుఁగుబిడ్డ విషయములోను ఆయన యడిగినది యొక్కటే: తల్లి నేర్పిన మాటను బిడ్డ బడి వెలుపల విడిచి లోపలికి రావలెనా?

అమ్మా, నీవు పాఠ్యపుస్తకమును మార్పఁజాలవు. రేపు హాజరుపట్టీలో వరుసగా రాని పేరొకటి కనఁబడినయెడల సాయంకాలము ఆ యింటికి నడచి పొమ్ము. మందలింపవలదు. అడిగి, ఉత్తరము వచ్చువఱకుఁ గూర్చుండుము. చంకలోఁ బసిబిడ్డ యున్నయెడల అంగన్‌వాడీలో చోటడుగుము. తోడి యుపాధ్యాయులు కొందఱు నవ్వుదురు. కొన్ని యిండ్లలో నిన్ను గుమ్మముకడనే నిలుపుదురు. మఱునాఁడు మరలఁ బొమ్ము.

నేను పోవలసిన యిల్లు మా బడికి రెండు వీధుల దూరములోనే యుండెను.