కారే చుక్క

హోసూరు నుంచి తళి పోయే దారిలో ఒక రైతుకు గులాబీ తోట ఉండేది. పైన తెల్లటి ప్లాస్టిక్ కప్పు, కింద వరసగా మట్టికట్టలు, ఒక్కో కట్ట పొడుగునా నల్లటి డ్రిప్పు పైపు. ఫిబ్రవరి 14 కోసం పూలు లారీలెక్కే సీమ అది. అందుకని జనవరి నెలంతా ఆ ఇంట్లో ఎవరికీ కంటినిండా నిద్ర ఉండేది కాదు.

ఆ రైతుకు ఒక్కతే కూతురు. చదువు ముగించి సిప్కాట్ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో పనికి చేరింది. పదిహేనో ఏట మొదలైన బాధ ఒకటి ఆమెను వదలలేదు. రెండు చంకలూ ఎప్పుడూ తడే. ఎండాకాలమైతే ఎవరికైనా చెమట పడుతుందని సరిపెట్టుకోవచ్చు. కానీ హోసూరు చలిలో, నోటి నుంచి పొగలొచ్చే పొద్దుటిపూట కూడా, బస్సు ఎక్కేలోపే బట్టల మీద అరచేయంత మరకలు పడేవి. ఆమె లేత రంగులు కొనడం మానేసింది. బస్సులో పైకమ్మీ అందుకోకుండా సీటు మూల పట్టుకుని నిలబడేది. సెంటు కొట్టుకునేది. సెంటు వాసనను కప్పుతుందే గాని చెమటను ఆపదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా ఎవరికీ చెప్పుకోలేదు. అలా తొమ్మిదేళ్లు గడిచాయి.

ఒక పెళ్లికని కృష్ణగిరి పోయినప్పుడు, పట్టుచీర మీద మరక చూసి చిన్నమ్మ పక్కకు పిలిచి అడిగింది. ఆమె ఏడ్చేసి ఉన్నదంతా చెప్పింది. ఆ రాత్రే తెలిసింది, చుట్టాల్లో ఇదే బాధ పడ్డవాళ్లు ఇంకా ముగ్గురున్నారని.

ఆ ముగ్గురిలో చిన్నమ్మ ఒకతె. ఆమెకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. ఎవరో చెప్పిన మాత్రలు మందుల షాపులో కొని, డాక్టరును అడగకుండానే మింగింది. రెండు వారాల్లో చెమట తగ్గింది. నోరు ఎండింది, మలబద్ధకం పట్టుకుంది. ఆ మాత్రలు చంకనొక్కదాన్నే చూసి పనిచేయవు, నరాలు పంపే కబురును ఒంటినిండా అణచేస్తాయి. మే నెలలో, మామిడి ముమ్మరంగా వచ్చే రోజుల్లో, బాయిలర్ల పక్కన నిలబడి ఆమె సొమ్మసిల్లి పడిపోయింది. ఒంటిని చల్లబరిచేది చెమటే, ఆ చెమటే ఆమె ఒంట్లో కరువైంది.

రెండోవాడు బెంగళూరులో ఉన్న మేనమామ కొడుకు. అతను ఆపరేషన్ చేయించుకున్నాడు. ఛాతీలోకి సన్నటి గొట్టం దింపి, వెన్నుపక్క నరాల గొలుసును కోశారు. చంకలు ఆనాడే ఎండాయి. నెల తిరిగేసరికి వీపూ పొట్టా కారడం మొదలైంది, రోజుకు రెండు చొక్కాలు తడిసేవి. కోసిన నరాన్ని మళ్లీ మునుపటిలా చేసే దారి అతనికి దొరకలేదు.

మూడో ఆమె వదిన. చంకలో బొట్యులినమ్ సూదులు వేయించుకుంది. ఒక్కో చంకకు 50 యూనిట్లు, పది పదిహేను చోట్ల చిన్న చిన్న పోట్లు. వారం తిరక్కుండానే తడి ఆగింది. ఆరేడు నెలలకు మళ్లీ మొదలైతే మళ్లీ వేయించుకునేది. ఒక్కోసారికి ఆమె నెల జీతం దాటిపోయేది.

ముగ్గురూ తమ తమ అనుభవాన్నే శాసనంలా చెప్పారు. రైతు కూతురు ఒక నోట్‌బుక్కులో గళ్లు గీసి ఖర్చు, రోజులు, బాధలు రాసుకుంది. ఎన్నిసార్లు కూడినా ఒక్కటే తేలింది. మిగతావన్నీ మళ్లీ మళ్లీ చేయాల్సినవి, ఆపరేషన్ ఒక్కసారితో పోయేది. అన్నిటికన్నా బలమైనదే మేలు అనుకుని, గాజులు అమ్మడానికి సిద్ధపడింది.

ఆ వారమే తోటలో ఒక కట్ట చివర నీళ్లు మడుగు కట్టాయి. రైతు ఊళ్లో లేడు. మడుగులో వేళ్లు కుళ్లుతాయని పనికుర్రాడు కంగారుపడి తొట్టి దగ్గర పెద్ద వాల్వు తిప్పేశాడు. మడుగు ఆగింది. మధ్యాహ్నానికి తోటంతా తలవాల్చింది. ఆ వాల్వు తెరిచి, ఈసారి ఆ కట్ట మొదట్లో పైపును మడిచి తీగతో బిగించాడు. అక్కడ ఆగిన నీళ్ల ఒత్తిడి పక్క కట్ట అతుకును చీల్చింది, ఇంకోచోట ఇంకో మడుగు లేచింది.

సాయంత్రం రైతు వచ్చాడు. కుర్రాణ్ణి తిట్టలేదు. ముందు మోటారు దగ్గరికి పోయి, ఒత్తిడి ఎక్కువైందా, నీళ్లు వదిలే వేళ మారిందా అని చూశాడు. లోపం అక్కడుంటే చివర ఎంత బిగించినా దండగే. మోటారు బాగానే ఉంది. అప్పుడు మొదటి మడుగు దగ్గరికి వచ్చి, పైపు వెంట వేలు రాసుకుంటూ నడిచి, పగిలిన ఒక్క డ్రిప్పర్ దగ్గర ఆగాడు. దాన్ని పీకి కొత్తది గుచ్చాడు. చీలిన అతుకును సరిచేశాడు. ఇంకేమీ ముట్టుకోకుండా తెల్లారేదాకా ఆగి, మళ్లీ వచ్చి చూశాడు. కూతురు పక్కనే టార్చి పట్టుకుని నిలబడి ఉంది.

మర్నాడు ఆమె బస్సెక్కి, సూళగిరి దాటి, కృష్ణగిరిలో ఒక చర్మ వైద్యురాలి దగ్గరికి పోయింది. ఆ వైద్యురాలు మందు రాయలేదు, ముందు అడిగింది. నిద్రలో చెమట పడుతుందా, రెండు పక్కలా ఒకేలా ఉందా, బరువు తగ్గిందా, గుండె దడ ఉందా, సాయంత్రాలు జ్వరం వస్తుందా, వేరే మందులేమైనా వాడుతోందా. థైరాయిడ్‌కూ షుగరుకూ రక్తం పంపింది. ఈవిడ ముందు మోటారు చూస్తోందని అమ్మాయికి తెలిసిపోయింది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్న మాటకు మాత్రం జవాబు తెలియలేదు. ఇంటికొచ్చి తల్లిని అడిగింది. తల్లి చాలాసేపు మాట్లాడలేదు. పెళ్లి కాకముందు నుంచీ తాను ముదురు రంగు రవికలే ఎందుకు తొడుక్కుంటోందో ఆ రాత్రి చెప్పింది.

పరీక్షల్లో ఏ జబ్బూ లేదు. చిన్న వయసులో మొదలై, రెండు పక్కలా పడుతూ, నిద్రలో ఆగిపోయి, తల్లి నుంచి వచ్చిన చెమట అది. వైద్యురాలు ఒక చిన్న సీసా రాసిచ్చింది. అల్యూమినియం క్లోరైడ్, 20 శాతం. చెమట గొట్టం నోట్లో బిరడాలా కూర్చునే మందు. చెమట ఆగి ఉండే రాత్రివేళ రాస్తేనే ఆ బిరడా కుదురుతుంది, పొద్దున కడిగేయాలి. అమ్మాయి తొందరపడి, స్నానం చేసి గొరిగిన తడి చంకకే రాసింది. తడి తగిలితే ఆ మందు ఆమ్లమవుతుంది, ఒళ్లు భగ్గుమంది. మూడో రోజుకే సీసా మూలన పడేసింది. ఇక్కడే చాలామంది ఈ మందు పనికిరాదని తీర్మానించుకుని పెద్ద వాల్వు కోసం పరుగెత్తుతారు. ఆమె మళ్లీ వైద్యురాలి దగ్గరికి పోయింది. మంట తగ్గేదాకా ఆగి, పూర్తిగా ఆరిన చర్మం మీద కొద్దిగా రాయడం నేర్చుకుంది. కొన్ని వారాలకు మరకలు చిన్నవయ్యాయి. తర్వాత వారానికి రెండు రాత్రులు చాలాయి.

ఇది పనిచేయకపోతే తర్వాతి మెట్టు ఏమిటో కూడా వైద్యురాలు చెప్పింది. వదిన వేయించుకున్న సూది నరం నుంచి గ్రంథికి వచ్చే కబురును ఆ చోటే ఆపుతుంది. అమెరికాలో చంకల చెమటకు దానికి 2004లోనే అనుమతి వచ్చింది. చంకలోని గ్రంథులనే వేడితో పోగొట్టే మైక్రోవేవ్ యంత్రానికి అక్కడే 2011లో వచ్చింది. మాత్రలున్నాయి, కానీ తక్కువ మోతాదులో, డాక్టరు కనిపెట్టి ఉండగా, ఎండలో పనిచేసేవాళ్లకు మరీ జాగ్రత్తగా. చంకలకే పరిమితమైన చెమటకు నరం కోయడం అన్నిటికన్నా చివరిది. వదిన రెండు నెలలు సీసా మందు వాడి, అది పనిచేయకే సూదికి పోయిందని అమ్మాయికి అప్పుడు తెలిసింది. ఆమె చేసింది దుబారా కాదు, ఆమె మెట్టు అది. చిన్నమ్మ కూడా మాత్రలు మాని అదే వైద్యురాలి దగ్గరికి వచ్చింది.

గాజులు చేతికే ఉండిపోయాయి. ఆ ఇంటి అలమరాలో ఇప్పుడు రెండు సీసాలు, ఒకటి తల్లిది.

ఆ నోట్‌బుక్కులో ఒక్క గడి తక్కువైంది: ఏ వైద్యం ఎక్కడ పనిచేస్తుంది, చంకను ఎండబెట్టేటప్పుడు దానితోపాటు ఇంకేం ఎండబెడుతుంది అన్నది. ఆ గడి నింపితే, చుక్క కారే చోటికి దగ్గరున్న మందు ముందుకు వస్తుంది, ఒంటినంతా మార్చేది వెనక్కి పోతుంది, ఒకరికి చాలినది ఇంకొకరికి చాలకపోవడమూ అర్థమవుతుంది. అయితే మడుగు కట్టిందని చెప్పుకున్న రోజే ఎవరైనా టార్చి పట్టుకుని వస్తారు, ఈ కథలో అందుకు తొమ్మిదేళ్లు పట్టింది, తల్లికి ఒక జీవితమే పట్టింది.