దీపం ఊదిన పొద్దు

సిరిసిల్లలో మా మనుమరాలు చప్పుడుకు పడుకుంటుంది, చప్పుడు ఆగితే లేస్తుంది. వెనక షెడ్డులో సాంచాలు, అంటే మరమగ్గాలు, రాత్రి షిఫ్టు కూడా నడుస్తాయి. కరెంటు పోయిందంటే వీధి మొత్తం మూగబోతుంది, మరుక్షణం లోపలి నుంచి "బాపమ్మా" అని కేక. ఆ కేక నాలుగింటికి రావచ్చు, ఆరింటికి రావచ్చు. నేను జగిత్యాల బడిలో 30 ఏళ్లు తెలుగు చెప్పినదాన్ని, తెల్లారకముందే స్నానం, దీపం, సహస్రనామం ముగించుకున్న మనిషిని. ఇప్పుడు మూడున్నరేళ్ల పిల్ల చేతిలో నా పొద్దు ఎటు తిరుగుతుందో నాకే తెలియదు. ఒకరోజు పళ్లు తోమాక పాలు, ఒకరోజు పాలు తాగుతూ కథ, ఇంకోరోజు మా ఆయన చెప్పులేసుకొని మంచం చుట్టూ బతుకమ్మ.

మొన్న శుక్రవారం ఎట్లనో దీపం దాకా వచ్చాను. మార్కండేయుని పటం ముందు వత్తి వెలిగించి కళ్లు మూసుకున్నాను. "ఉఫ్" అని వినిపించింది. కళ్లు తెరిస్తే పొగ. పిల్ల చప్పట్లు కొడుతోంది.

"బాపమ్మా, ఇయ్యాల దేవుని బర్త్‌డేనా?"

మా ఇండ్లల్లో దీపం ఆరిపోయిందని కూడా అనం, కొండెక్కింది అంటాం. ఇక నోటితో ఊదడమా! "అట్ల ఊదద్దు బిడ్డా, ఎంగిలైతది" అన్నాను.

"మరి నువ్వు నా పాలు ఊది ఇస్తవు గద?"

ఆ ఎంగిలి మాట రోజంతా నన్ను వదల్లేదు, ఆలోచన ఊపిరి మీదికి పోయింది. ఏ కొరతా లేని బ్రహ్మానికి లోకాన్ని సృష్టించే అవసరం ఏమొచ్చిందని బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఒక ప్రశ్న ఉంది. లీల, అంటే ఆట, అని సూత్రకారుడు బాదరాయణుని జవాబు. శంకరులు దానికి రెండు పోలికలు చెప్పారు. ఒకటి, అన్నీ ఉన్న రాజు ఆటకు దిగడం. రెండోది ఊపిరి. ఊపిరి ఎందుకు పీలుస్తున్నామని ఎవరూ లాభం లెక్కపెట్టరు, అది స్వభావం. రాజు పోలిక నాకెప్పుడూ రుచించలేదు. రాజు ఆడుకుంటే బంతులు ఏరేవాడు ఇంకొకడుంటాడు. ఊపిరి అట్లా కాదు, ఎవరిది వాళ్లే పీల్చాలి. బృహదారణ్యకమైతే వేదాలనే పరమాత్మ విడిచిన ఊపిరి అంటుంది. వేదం ఎంగిలి కానప్పుడు నా దీపం మీద పడ్డ ఈ పిసరంత ఊపిరి ఎంగిలి ఎట్లయింది?

పటంలోని మార్కండేయుడు మా పద్మశాలీల మూలపురుషుడు. ఆయన యముణ్ని తప్పించుకున్న కథ ఇంటింటా చెప్పుకుంటాం. భాగవతం పన్నెండో స్కంధంలోది మాత్రం పెద్దగా చెప్పుకోం. ప్రళయజలాల్లో తిరిగి తిరిగి మర్రాకు మీద ఒక పసివాణ్ని చూస్తాడాయన. దగ్గరికి పోతే, పసివాడు ఊపిరి పీల్చగానే దోమలాగా లోపలికి పోతాడు. లోపల, మునిగిపోయిన లోకమంతా ఉన్నదున్నట్టు ఉంది, తన ఆశ్రమంతో సహా! ఊపిరి వదలగానే మళ్లీ వచ్చి నీళ్లలో పడతాడు. అంత తపస్సు చేసిన ముని గతే అట్లుంటే నా సహస్రనామం ఎంత?

అయితే అంతా లీలే అని ఊరుకోవడానికి మనసొప్పదు. కోరుట్లలో మా అమ్మ బీడీలు చేసేది. వెయ్యి బీడీలకింత అని కూలి. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, కాలి బొటనవేలికి ఉయ్యాల తాడు. తమ్ముడు ఏడిస్తే కాలు ఊగేది, చేతులు ఆగేవి కావు. కట్టకు 25 బీడీలు. ఆ లెక్కనే జోలపాటలా పాడేది, మాటలు రాకముందే వాడికి లెక్క వచ్చింది. దాన్ని లీల అనమంటే నాకు నోరు రాదు. పింఛను మీద కూర్చున్నాను గనుక నాకు వేదాంతం తోస్తోందేమో. కోడలు పెద్దూరు అపారెల్ పార్కులో కుట్టుపనికి టిఫిను కట్టుకుంటూ "అత్తమ్మా, జడలు వేసిన్రా?" అని అడుగుతుంది. ఒకటే వేసిన, రెండోది వేయనిస్తలేదు అంటాను. ఆమె గడియారం చూస్తుంది.

చివరికి పిల్లకూ నాకూ ఒప్పందం కుదిరింది. అగ్గిపుల్ల ఆమెది, దీపం దేవునిది. ఇయ్యాల పొద్దున ఏడు పుల్లలు గీశాను. ఏడూ వత్తిని ముట్టకముందే ఉఫ్. ఎనిమిదోది తీస్తుండగా కరెంటొచ్చింది, సాంచాలు అందుకున్నాయి, పిల్ల నా ఒళ్లోనే మళ్లీ నిద్రపోయింది. అగ్గిపెట్టె ఆమె గుప్పిట్లో ఉండిపోయింది.