ఉన్న ఊరు ఎవరిది?

"ఉన్న ఊరు, కన్న తల్లి" అని పెద్దలు అంటారు. పుట్టిన ఊరు అనలేదు, ఉన్న ఊరు అన్నారు. మరి వేరే చోటి నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు దాన్ని పూర్తిగా తమదే అనుకోవచ్చా? ఒక దీవి కథ చదివాక నాకు ఈ ప్రశ్న వచ్చింది.

కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో విన్నిపెగ్ అనే పెద్ద సరస్సు ఉంది. అందులో హెక్లా దీవి. 1875లో ఐస్‌లాండ్‌లో అస్క్యా అగ్నిపర్వతం పేలి పచ్చిక మీద బూడిద కప్పేసింది. పశువులకు మేత లేదు. మరుసటి ఏడు వెయ్యిమందికి పైగా ఈ సరస్సు దగ్గరికి వచ్చారు. కొన్ని కుటుంబాలు ఈ దీవిలో కాపురం పెట్టాయి. చేపలు పట్టి బతికారు. దీవికి తమ దేశంలోని హెక్లా పర్వతం పేరే వచ్చింది. 1877లో, తిండికే కష్టమైన రోజుల్లో, సరస్సు ఒడ్డున తమ భాషలో 'ఫ్రామ్‌ఫరి' అనే పత్రిక అచ్చు వేసుకున్నారు. అది చదివి వాళ్ల మీద గౌరవం కలిగింది.

కానీ ఆ నేల ఖాళీగా లేదు. ఆదివాసులు అక్కడ ముందునుంచే ఉన్నారు. వాళ్లు ఉంటున్న చోటునే ప్రభుత్వం కొత్తవాళ్లకు కేటాయించింది. జాన్ రామ్సే అనే ఆదివాసి ఆ ఒడ్డు మాదని వాదించాడు. అయినా ఆకలితో ఉన్న కొత్తవాళ్లకు సాయం చేశాడు. 1876లో మశూచి వచ్చింది. ఐస్‌లాండ్‌వాళ్లు సుమారు వందమంది పోయారు. ఆదివాసుల పల్లెలూ పాడుపడ్డాయి. రామ్సే భార్య బెట్సీ కూడా చనిపోయింది.

సుమారు వందేళ్ల తర్వాత ప్రభుత్వం ఆ దీవిని పార్కుగా మార్చింది. ఈసారి ఇళ్లు, భూములు పోగొట్టుకున్నది ఐస్‌లాండ్ కుటుంబాలు. ఊరు పోతే ఎలా ఉంటుందో వాళ్లకూ తెలిసింది.

మాది తమిళనాడు. మా పూర్వీకులు ఎప్పుడు వచ్చారో మా తాతకే సరిగ్గా తెలీదు. ఒకసారి బస్సులో ఒకాయన "మీ ఊరేది?" అని అడిగితే ఈ ఊరే అన్నాను. "అది కాదు, అసలు ఊరు?" అన్నాడు. ఆ రోజంతా మనసు బాగోలేదు. కానీ ఉత్తరాది నుంచి పనికి వచ్చినవాళ్లు మా వీధిలో అద్దెకు దిగినప్పుడు, "ఎక్కడెక్కడి నుంచో వచ్చేస్తున్నారు" అని నేనే అన్నాను. నన్ను బాధపెట్టిన మాటనే నేను ఇంకొకరి మీద వాడాను.

తల్లికి ముందు పుట్టిన బిడ్డలుంటారు, తర్వాత వచ్చిన బిడ్డలూ ఉంటారు. మన భాషను కాపాడుకోవడం మన హక్కు. మనకంటే ముందున్నవాళ్ల భాషను గౌరవించి నేర్చుకోవడం, మన తర్వాత వచ్చినవాళ్లకు కాస్త చోటివ్వడం మన బాధ్యత. రామ్సేకి అన్యాయం జరిగినా అన్నం పెట్టాడు. నాకు ఏ అన్యాయం జరగకుండానే ముఖం తిప్పుకున్నాను. ఇకమీదట మా వీధిలో వాళ్లు కనపడితే ముందు నేనే పలకరిస్తాను.